పాటకు తాళం వేసిన హెడ్‌లైట్లు

ఉండవల్లి నుంచి బ్యారేజీ మీదుగా విజయవాడ వస్తున్నాం. రాత్రి తొమ్మిది దాటింది, బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆగింది. కారులో డప్పు దరువున్న పాట మోగుతోంది. డిక్కీలో కొత్తగా పెట్టించిన పన్నెండు అంగుళాల ఊఫర్ దెబ్బ దెబ్బకీ వీపు మీద చరుస్తుంటే నేను మంచి హుషారులో ఉన్నాను. "ఏవండీ, లైట్లు కూడా తాళం వేస్తున్నాయేంటి?" అంది మా ఆవిడ.

ముందున్న ఆటో వెనక రేకు మీద పడుతున్న మా హెడ్‌లైట్ల వెలుతురు నిజంగానే దరువుకు తగ్గట్టు తగ్గుతూ పెరుగుతూ ఉంది. మొదట నవ్వొచ్చింది. ఇంటికి చేరేలోపు డాష్‌బోర్డు లైట్లు కూడా అదే పని మొదలుపెట్టాయి. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ బద్ధకంగా మూలిగి మూడోసారికి గానీ అందుకోలేదు. అప్పుడు పట్టుకుంది టెన్షన్.

కారు పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్. అందులో పెట్టించింది ఊఫర్‌కి ఒక మోనో యాంప్, అంటే ఒకే స్పీకరు కోసం శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్, డోర్ స్పీకర్లకి నాలుగు ఛానళ్ల యాంప్. మోనో యాంప్ డబ్బా మీద 3000 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉంది. దాని పక్కన గుచ్చి ఉన్న ఫ్యూజులు మాత్రం 30 ఆంపియర్లవి మూడు. ఈ ఫ్యూజుల లెక్క నాకు తర్వాత తెలిసింది గానీ, కొనేముందే తెలిసి ఉండాల్సింది. మూడు కలిపి 90 ఆంపియర్లు, బండి నడుస్తుంటే 13.5 వోల్టులు అనుకుందాం. రెండూ గుణిస్తే 1200 వాట్ల పైచిలుకు. అందులో ఇలాంటి క్లాస్ డి రకం యాంప్ ఎనభై శాతం దాకా స్పీకరుకు పంపి మిగతాది వేడిగా వదులుతుంది. అంటే ఎంత పిండినా నికరంగా వెయ్యి వాట్లు. డబ్బా మీది మూడు వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆ డబ్బాకే తెలియాలి. అయితే నికరమైన వెయ్యి వాట్లే మా కారుకి చాలా ఎక్కువ.

సిస్టమ్ బిగించిన షాపుకే వెళ్లాను. కుర్రాడు లైట్లు చూసి, "కెపాసిటర్ పెట్టించుకోండి సార్, అందరికీ ఇదే ప్రాబ్లం" అన్నాడు. కెపాసిటర్ అంటే కరెంటు కాస్త దాచుకుని అవసరానికి ఒక్కసారిగా వదిలేది. నీలం లైటుతో వోల్టేజీ చూపించే, ఒక ఫ్యారడ్ సైజు కెపాసిటర్, 3,800 రూపాయలు. డిక్కీలో యాంప్ పక్కన బిగించాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. హెడ్‌లైట్లు మాత్రం మునుపటిలాగే తాళం వేశాయి, ఇప్పుడు వాటితోపాటు ఆ నీలం అంకెలు కూడా.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. ఒక ఫ్యారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కి దిగేలోపు ఇవ్వగలిగేది 26 జౌళ్ల శక్తి. వెయ్యి వాట్ల యాంప్ దాన్ని సెకనులో దాదాపు నలభయ్యో వంతులో తాగేస్తుంది. డప్పు మీద ఒక్క దెబ్బ మోగి ఆగడానికి కూడా అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. పైగా తాగిన కెపాసిటర్‌ని మళ్లీ నింపాల్సింది అదే బ్యాటరీ, ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే అదే డైనమో. ఇంటర్మీడియట్‌లో చదివిన సూత్రమే ఇది. షాపులో నీలం లైటు ముందు నిలబడ్డప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఆ తర్వాత మా బావమరిది చెబితే ఆటోనగర్ వెళ్లాను. అక్కడ లారీల సెల్ఫులు, డైనమోలు బాగుచేసే షెడ్డు ఒకటుంది. మన ఊళ్లలో ఆల్టర్నేటర్ అనే మాట ఎవరూ వాడరు, డైనమో అనే అంటారు. దానిలో వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ని కటౌట్ అంటారు. షెడ్డు నడిపే ఆయనకు అరవై ఏళ్లు దాటాయి. అందరూ బాబాయ్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. కారు ఆడియో గురించి తనకేమీ తెలియదని ముందే చెప్పేశాడు. "పాటలు నాకు తెలవ్వబ్బాయ్. కరెంటు ఎంత లాగుతుందో చెప్పు, ఎక్కడ పోతుందో నే చెబుతా."

ఆయన దగ్గర డీసీ కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ ఉంది, తీగని కోయకుండా పటకారులా చుట్టూ పట్టి కొలిచేది. ఇళ్లలో వైరింగ్ చేసేవాళ్ల దగ్గరుండే మామూలు టాంగ్ టెస్టర్ ఏసీ మాత్రమే చూపిస్తుంది, కారు తీగకు తగిలిస్తే సున్నా దగ్గరే కూర్చుంటుంది. అలాంటిదే ఒకటి నేను ముందురోజు అరువు తెచ్చి అరగంట కుస్తీ పట్టాను, అది వేరే కథ. ఫోన్లో 50 హెర్ట్జ్ టోన్, అంటే ఒకే తీరుగా మోగే లోతైన శబ్దం పెట్టమన్నాడు. పాట అయితే ముల్లు నిలవదు, టోన్ అయితే నిలకడగా లాగుతుంది. అయితే ఒక్కోసారి నాలుగైదు సెకన్లే, లేకపోతే ఊఫర్ కాయిల్ మాడిపోతుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా టెస్టర్ 70 ఆంపియర్లు చూపించింది.

ఇక మల్టీమీటరు తీశాడు. బ్యాటరీ మొనల దగ్గర 13.1 వోల్టులు. డిక్కీలో యాంప్ మొనల దగ్గర 11.2. అంటే దారిలో 1.9 వోల్టులు మాయం. "బ్యారేజీ కాడ నీళ్లున్నయ్, శివారు చేలకి ఎక్కట్లా" అన్నాడు. కృష్ణా కాలవల కింద పుట్టిన వాడికి ఇంకే వివరణా అక్కర్లేదు.

నేను నేర్చుకున్న అసలు పని ఆ తర్వాత పావుగంటలో జరిగింది. అయిదారు మీటర్ల లైటు వైరు ఒకటి తెచ్చి మీటరు మొనకు కలిపాడు. మామూలుగా మనం ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య కొలుస్తాం. ఆయన ప్లస్ నుంచి ప్లస్‌కే కొలిచాడు. ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, రెండో మొన డిక్కీలో ఫ్యూజుకి ముందు. టోన్ పెట్టమన్నాడు, 0.7. తర్వాత ఫ్యూజు నుంచి యాంప్ ప్లస్ దాకా, 0.3. తర్వాత మైనస్ వైపు. కారులో కరెంటు బాడీ రేకు గుండానే వెనక్కి వస్తుంది, తీగని బాడీకి కలిపే చోటే ఎర్త్. యాంప్ మైనస్ నుంచి దాని ఎర్త్ బోల్టు పక్కన ఉన్న బాడీ రేకు దాకా 0.6. బాడీ నుంచి బ్యాటరీ మైనస్ దాకా 0.3. కూడితే సరిగ్గా పోయిన 1.9 లెక్క తేలింది. కరెంటు పారుతున్నప్పుడు మాత్రమే కనపడే నష్టం ఇది. పాట ఆపి కొలిస్తే అన్ని చోట్లా సున్నాయే. షాపు కుర్రాడు పాట ఆపి, "12.6 ఉంది సార్, పర్ఫెక్ట్" అన్నది అందుకే.

ఒక్కోటీ విప్పి చూశాం. ఎర్త్ ముందు. సీటు బోల్టు కింద రింగు పెట్టి బిగించేశారు, కింద పెయింటు అలాగే ఉంది. కరెంటు బోల్టు మరల గుండా ఎలాగో దూరి పోతోంది. 0.6 వోల్టులు, 70 ఆంపియర్లు, గుణిస్తే 42 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఆన్ చేసి కార్పెట్ కింద వదిలేసినట్టే. ముట్టుకుంటే చురుక్కుమంది, రింగు చుట్టూ ఉన్న ఫెల్టు గోధుమరంగుకి తిరిగింది. నెల రోజులుగా డిక్కీలోంచి వస్తున్న వాసన కొత్త బాక్సు ఫెవికాల్‌ది అనుకుంటున్నాను నేను.

తర్వాత ప్లస్ కేబుల్. బయట చూస్తే వేలంత లావు, ఎర్రగా మెరుస్తూ ఉంది. చివర కోసి చాకుతో గీస్తే లోపల తెల్లగా వచ్చింది. అల్యూమినియం పోగుల మీద రాగి పూత. స్వచ్ఛమైన రాగితో పోలిస్తే దాని వాహకత మూడింట రెండొంతులకు కాస్త తక్కువే. అదీగాక లావంతా ప్లాస్టిక్ తొడుగుదే, లోపలి లోహం 13 చదరపు మిల్లీమీటర్లకు మించి లేదు. కిట్ 2,200 రూపాయలు పెట్టి కొన్నది నేనే కాబట్టి ఎవరినీ అనలేకపోయాను.

కేబుల్ ఏది కొనాలని అడిగితే బాబాయ్ వెల్డింగ్ కేబుల్ తెమ్మన్నాడు. ఆటోనగర్లో దానికి కరువా! బాడీ బిల్డింగ్ షెడ్లు ఉన్న చోట అడుగడుక్కీ దొరుకుతుంది. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, లోపల వెంట్రుకల్లాంటి సన్నపోగులు, ఎలా తిప్పితే అలా వంగుతుంది. అందులోనూ అల్యూమినియంది ఉంటుంది, చూసి తీసుకోవాలి. మీటరు 620 చొప్పున ఏడు మీటర్లు తీసుకున్నాను. డిక్కీ దాకా అయిదు, ఎర్త్‌లకు రెండు. దాని రబ్బరు తొడుగు ఇంజిన్ వేడికీ ఆయిలుకీ పాడవకుండా బానెట్ కింద ఉన్నంత మేరా మడతల ప్లాస్టిక్ గొట్టంలోంచి లాగాం. రేకు గోడలోంచి లోపలికి వెళ్లే చోట రబ్బరు గ్రోమెట్ పెట్టాం. అక్కడ గ్రోమెట్ లేకపోతే రేకు అంచు రోజూ కాస్త కాస్త కోసి ఏదో ఒక రోజు కారుకు నిప్పు పెడుతుంది.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టాం, 150 ఆంపియర్లది. పాతది యాంప్ పక్కన డిక్కీలో ఉండేది. ఫ్యూజు యాంప్‌ని కాపాడుతుందని అనుకునేవాణ్ణి. అది కాపాడేది కేబుల్ని. అయిదు మీటర్ల కేబుల్ మధ్యలో ఎక్కడ బాడీకి తగిలినా ఆపాల్సింది బ్యాటరీ దగ్గరే కదా. డిక్కీలో ఫ్యూజు ఉంటే అది చోద్యం చూస్తూ ఉంటుంది, ఇటు కేబుల్ కాలిపోతూ ఉంటుంది.

ఎర్త్‌కి డిక్కీలో మందపాటి రేకు చూసి, గ్రైండర్‌తో పెయింటు గీకి తెల్లటి లోహం తేలాక, పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించి, పైన గ్రీసు పూసి పెయింటు కొట్టాడు. కేబుల్ చివర రింగులని, అంటే లగ్గులని, సుత్తితో కాకుండా హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కాడు. ముందువైపు బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వెళ్లే కంపెనీ తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. దానికి తోడుగా 50 కేబుల్ ముక్క ఒకటి, ఇంజిన్ నుంచి బాడీకి ఇంకొకటి వేశాడు.

మళ్లీ టోన్, మళ్లీ మీటరు. దారిలో నష్టం 0.3కి వచ్చింది. పాట పెట్టాను. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ తన దారిన తను ఒక కథ చెప్పుకుంటూ పోతుంది చూడండి, అది మొదటిసారి నా కారులో స్వరం స్వరంగా వినపడింది. అంతకుముందు బొయ్యిమనే రొద మాత్రమే. బాబాయ్ కూడా చేతులు తుడుచుకుంటూ ఒక చరణం దాకా విన్నాడు.

ఆ రాత్రి ఇంటికి వెళ్తూ చూస్తే హెడ్‌లైట్లు మునుపటికంటే ఘోరంగా ఊగుతున్నాయి.

మర్నాడు పొద్దున్నే షెడ్డు ముందు నిలబడ్డాను. బాబాయ్ ఏమీ ఆశ్చర్యపోలేదు. "కాలవ వెడల్పు చేశాం. ఇప్పుడు శివారుకి నీళ్లు ఎక్కుతున్నయ్, పైన చాలట్లా. అదో రోగం, ఇదో రోగం." తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. కారు యాంపులు చాలావాటికి వోల్టేజీ ఎంత ఎక్కువ అందితే అంత ఎక్కువ పవరు ఇస్తాయి, అంత ఎక్కువ కరెంటు లాగుతాయి. ఇన్నాళ్లూ చెడ్డ కేబులే దాని నోరు నొక్కి పట్టింది. హాలోజెన్ బల్బులు అటు చాలా సున్నితం. 13.5 వోల్టులు 12.5కి పడితే వెలుతురులో పావు వంతు దాకా పోతుంది. కంటికి అది తాళంలా కనపడుతుంది.

మా డైనమో మీది చీటీలో 90 ఆంపియర్లు అని ఉంది. అది ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పటి మాట. ఐడిల్‌లో ఇంజిన్ 800 చుట్లు తిరిగితే పుల్లీ లెక్కన డైనమో రెండు వేల పైచిలుకు తిరుగుతుంది, అప్పుడు అది ఇచ్చేది సుమారు సగం. మాదాన్ని కొలిస్తే వేడెక్కాక 46 వచ్చింది. ఇటు హెడ్‌లైట్లు పది, ఏసీ బ్లోయరు, రేడియేటర్ ఫ్యాన్ కలిపి ముప్పై దాకా, ఇంజిన్ సొంత ఖర్చు ఇంకో పది. సిగ్నల్ దగ్గర ఆగితే యాంప్ ఆన్ చేయకముందే డైనమో పని సరి. ఇక ఊఫర్ లాగేదంతా బ్యాటరీ లోంచే. పొద్దున సెల్ఫ్ మూలిగిందంటే మూలగదా మరి.

నాకు తెలిసినవాళ్లు ఇద్దరు డిక్కీలో రెండో బ్యాటరీ పెట్టమన్నారు. బాబాయ్ ఒప్పుకోలేదు. రెండో బ్యాటరీ కూడా నిండాల్సింది ఆ డైనమోతోనే, అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు. పైగా మామూలు యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, మనుషులు కూర్చునే చోట దాన్ని పెట్టకూడదు, ఏజీఎం రకం సీల్డ్ బ్యాటరీ కావాలి. ఇంజిన్ ఆపి గంటల తరబడి పాటలు వినేవాడికైతే రెండో బ్యాటరీకి అర్థముంది. నేను వినేది నడుపుతూ.

ఉన్న డైనమోనే లావు తీగతో రీవైండింగ్ చేయొచ్చా అని అడిగాను. చేస్తారట, పక్క వీధిలోనే. కానీ అదే చోట లావు తీగ పట్టాలంటే చుట్లు తగ్గించాలి, చుట్లు తగ్గితే పైన స్పీడులో ఎక్కువ ఇస్తుంది గానీ ఐడిల్‌లో ఇంకా తక్కువ ఇస్తుంది. నా జబ్బే ఐడిల్‌లో ఉంది. షెడ్డులో గుట్టగా పోసిన డైనమోలు ఎక్కువ భాగం లారీలవి, 24 వోల్టులవి, పనికిరావు. నాలుగు రోజులాగి, మా ఇంజిన్ కుటుంబానికే చెందిన పెద్ద బండిది 120 ఆంపియర్ల డైనమో ఒకటి సంపాదించాడు. బ్రాకెట్ రంధ్రాలు అచ్చంగా కలిశాయి, కటౌట్ ప్లగ్గు కూడా అదే. బేరింగులు, బొగ్గులు (కార్బన్ బ్రష్‌లు) కొత్తవి వేసి 11,500 అన్నాడు. బేరమాడలేదు.

బిగించేటప్పుడు రెండు విషయాలు. కంపెనీ వేసిన ఛార్జింగ్ తీగ, దాని ఫ్యూజు పాత 90 ఆంపియర్ల లెక్కకు వేసినవి. వాటిని కదపకుండా, డైనమో ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి ఇంకో కేబుల్ వేశాం, దానికీ బ్యాటరీ పక్కన 150 ఫ్యూజు పెట్టాం. ఈ రెండో ఫ్యూజు చాలామంది ఎగ్గొడతారు. రెండోది, షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఛార్జింగ్ చూద్దామని బ్యాటరీ మైనస్ ఊడదీయబోయాడు. బాబాయ్ అరిచిన అరుపుకి పక్క షెడ్డులో సుత్తి ఆగింది. పూర్వం జీపులకు అలాగే చూసేవారట, ఇంజిన్ ఆగకపోతే డైనమో మంచిదని. ఇప్పుడు బ్యాటరీ ఊడిందంటే డైనమో వోల్టేజీ ఒక్కసారి ఎగిరి ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌ని, అంటే ఈసీయూని తినేస్తుంది.

కొత్త డైనమో వేడెక్కాక ఐడిల్‌లో 68 ఆంపియర్లు ఇచ్చింది. మొదటి రోజు చల్లటి ఇంజిన్ మీద బెల్టు కీచుమంది, టెన్షనర్ సరిచేస్తే పోయింది. దాంతోపాటు ఆక్సిలరేటర్ నొక్కితే స్పీకర్లలో సన్నటి ఈల మొదలైంది. రెండు రోజులు డైనమో డయోడ్లని అనుమానించాను. చివరికి చూస్తే కొత్త పవర్ కేబుల్ని ఆడియో తీగలతో కలిపి కట్టేసింది నేనే, నీట్‌గా ఉంటుందని. ఆడియో తీగలు కారుకి అటువైపు నుంచి వేసి, డాష్‌బోర్డు స్టీరియో ఎర్త్ కూడా గీకి బిగించాక ఈల ఆగింది.

పనికొచ్చిన ఖర్చు చూస్తే కేబుల్ 4,340, లగ్గులు, ఫ్యూజులు 1,900, డైనమో 11,500, కూలి 2,500. వెరసి 20,240. పనికిరాని ఖర్చు, అంటే పూత కేబుల్, నీలం కెపాసిటర్, ఆరు వేలు. ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడు ఈ సామానంతా ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ కింద విలువ చెప్పి చేర్పించాను, ప్రీమియం కొంచెం పెరిగింది.

అంతా అద్భుతమైపోయిందని చెప్పను. ఏసీ, హెడ్‌లైట్లు వేసి, ఫుల్ వాల్యూమ్‌లో సిగ్నల్ దగ్గర మూడు నిమిషాలు ఆగితే మీటరు ఇప్పటికీ 12.8కి దిగుతుంది. లైట్లు కాస్త కళ తప్పుతాయి గానీ తాళం వేయవు. కదిలితే 13.9కి వచ్చేస్తుంది. నెలకోసారి బానెట్ ఎత్తి బోల్టులు చూస్తాను. మొదటి నెల ఇంజిన్ ఎర్త్ బోల్టు పావు చుట్టు వదులైంది, డీజిల్ ఇంజిన్ వణుకు అలాంటిది.

ఇప్పుడు మా బావమరిదికి ఆశ పుట్టింది. వాడిది రెండేళ్ల కారు, ఇంకా వారంటీలో ఉంది. దాన్ని కూడా షెడ్డుకి తీసుకెళ్లాం. బాబాయ్ బానెట్ ఎత్తి బ్యాటరీ మైనస్ మొన మీద ఉన్న చిన్న పెట్టెని వేలితో చూపించాడు. బ్యాటరీలోకి ఎంత పోతోంది, ఎంత వస్తోంది అని అది లెక్క రాస్తుంది. ఆ లెక్క చూసి ఈసీయూ డైనమోని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కొత్త ఎర్త్ కేబుల్ నేరుగా మైనస్ మొనకి బిగిస్తే ఆ కరెంటు పెట్టె లెక్కలోకి రాదు, ఈసీయూ బ్యాటరీ గురించి తప్పుడు అంచనాలో ఉంటుంది. బాడీకే బిగించాలి. అలా బిగించినా సరే, "వారంటీ అయ్యేదాకా డైనమో జోలికి నే రాను" అని చెప్పేశాడు. వాడు మాత్రం నా నీలం కెపాసిటర్ అటక మీద ఊరికే ఉందా అని అడుగుతున్నాడు.